ఇప్పపూలు ఏరని గుట్ట

అత్తగారికి రాముడు కావాలి, మొగుడికి రాళ్ళు కావాలి. ఇద్దరికీ కలిపి ఒకటే కారు కిరాయికి మాట్లాడారు. నాగలతకు ఏం కావాలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, బ్యాంకుకు పెట్టిన సెలవు ఇంట్లో పడుకోవడానికి వాడుకుంటానని చెప్పేది. కూతురు సాహిత్యను ముందురోజే సత్తుపల్లిలో తన అమ్మానాన్నల దగ్గర దింపి, ఖమ్మం నుంచి తెల్లవారుజామునే బయలుదేరారు.

అనిల్‌కుమార్ ఖమ్మంలో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాడు. మనిషి మంచివాడే. కాకపోతే పాత రాళ్ళ పేరు చెబితే ఒళ్ళు మర్చిపోతాడు. గోదావరి పక్క అడవుల్లో, వేల ఏళ్ళ కిందటి మనుషులు తమవాళ్ళను పూడ్చిపెట్టిన రాతిగూళ్ళు ఉన్నాయి. నాలుగు వైపులా బండలు నిలబెట్టి, మీద ఏనుగు వీపంత కప్పురాయి వేసిన గూళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వాటిని రాక్షసగుళ్ళంటారు. దారి పక్కన ఉన్నవన్నీ అతను ఏనాడో చూసేశాడు. పర్ణశాల దాటాక లోపలి గుట్ట ఒకదాని మీద, ఇంతవరకూ ఎవరూ ఫొటో తీయనివి ఉన్నాయని ఎవరో చెప్పారు. అప్పటినుంచి అతనికి నిద్ర లేదు.

అతని తల్లి సుబ్బరత్నం మోకాళ్ళు అరిగిన మనిషి. అయినా రాముడి పేరు చెబితే లేచి నడుస్తుంది. భద్రాచలంలో దర్శనం అయింది, మధ్యాహ్నానికి పర్ణశాలలో సీతమ్మ నారచీరల బండ చూడటం అయింది. దారిలో దుమ్ముగూడెం వచ్చినప్పుడు ఆవిడ కారు అద్దం దించి చేతులు జోడించింది.

"రాముడు ఇక్కడే పద్నాలుగు వేల మంది రాక్షసుల్ని చంపాడంట అమ్మాయ్. వాళ్ళ బూడిద మీద లేచిన ఊరంట ఇది."

"రాక్షసులు కాదమ్మా, ఎవరో మనలాంటి మనుషులే అయ్యుంటారు," అన్నాడు అనిల్.

"నువ్వు చూశావా?"

"నువ్వు చూశావా?"

తల్లీకొడుకుల ఈ వాదన నాగలతకు కొత్తది కాదు. నవ్వుకుని కళ్ళు మూసుకుంది.

పర్ణశాల దగ్గర టీ తాగుతున్నప్పుడు డ్రైవర్ పూల్‌సింగ్ అనిల్‌ను పక్కకు పిలిచాడు. ఇల్లందు పక్క తండా అతనిది; మాట తక్కువ, బండి మీద శ్రద్ధ ఎక్కువ. అతను తల అడ్డంగా ఊపుతూ ఏదో చెప్పడం, అనిల్ అతని భుజం తట్టడం దూరం నుంచి నాగలత చూసింది.

"ఏమంటున్నాడండీ?"

"ఏం లేదు, లోపలి రోడ్డు బాగోదంట. కారు ఖరాబైతదని భయపడుతున్నడు."

తారు రోడ్డు అయిపోయింది, మట్టి బాట కూడా అయిపోయింది. ఒక చేని గట్టు దగ్గర కారు ఆగింది. పక్కనే కోయల గూడెం ఒకటి, గడ్డి కప్పుల ఇళ్ళు. కుక్క కూడా మొరగలేదు. పూల్‌సింగ్ కారు దిగి, స్టీరింగ్ మీద ఒక చెయ్యి అట్లాగే ఉంచి నిలబడ్డాడు. "జల్దీ రాండి సార్," అన్నాడు.

గుట్ట ఎత్తైనదేం కాదు. సన్నటి కాలిబాట ఒకటి చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ పైకి పోయింది. ముందు అనిల్, వెనక నాగలత చెయ్యి పట్టుకుని సుబ్బరత్నం. ఆకు రాలే కాలం. బాట మీద ఎండుటాకులు మందంగా పరుచుకుని, అడుగు వేస్తే అప్పడాల్లా విరుగుతున్నాయి. ఇప్పచెట్ల కింద పూలు తెల్లగా రాలి, ఒకదాని మీద ఒకటి పడి కుళ్ళి, కల్లు వాసన కొడుతున్నాయి. ఎవరూ ఏరలేదు.

'ఇంత పువ్వు ఇట్లా వదిలేశారేంటి?' అనుకుంది నాగలత. దారిలో వచ్చిన ప్రతి ఊళ్ళోనూ ఆడవాళ్ళు గంపలు పట్టుకుని చెట్ల కింద వంగి ఉండటం చూసింది. ఇక్కడ మాత్రం మనిషి అలికిడి లేదు. ఆ మాట మొగుడితో అందామనుకుంది. అంతలో అతను పైనుంచి కేక వేశాడు.

"దొరికినయ్! లతా, దొరికినయ్!"

నిజంగానే ఉన్నాయి. గుట్ట భుజం మీద చదునుగా ఉన్న చోట, నాచు పట్టిన రాతిగూళ్ళు నాలుగైదు. అనిల్ చిన్నపిల్లాడిలా వాటి చుట్టూ తిరిగాడు. సుబ్బరత్నం చెప్పులు విప్పి, ఒక కప్పురాయిని తాకి కళ్ళకద్దుకుంది.

"రాక్షసుల సమాధికి దండం పెడుతున్నావేంటమ్మా?"

"రాముడి చేతిలో పోయినవాళ్ళకు మోక్షమేరా. నీకేం తెలుసు!"

అప్పుడే కింద నుంచి ఒక ఆవు వచ్చింది. మెడలో కొయ్య గంట. లొటలొటమంటూ వాళ్ళను పట్టించుకోకుండా పక్కనుంచి దాటి, బాట వెంట పైకి పోయింది. అనిల్ కెమెరా కళ్ళకు పెట్టుకున్నాడు.

చెవుల్లో ఏదో పగిలింది. ముందు నేల అదిరిందో, చప్పుడే వచ్చిందో నాగలత తర్వాత ఎంత ఆలోచించినా చెప్పలేకపోయింది. మట్టి, ఆకులు, సన్న రాళ్ళు వానలా మీద పడ్డాయి. చెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారే లేచాయి. తను అత్తగారిని పొదివిపట్టుకుని నేల మీద కూచుని ఉంది. ఎప్పుడు కూచుందో తెలీదు. నోట్లో మట్టి. చెవుల్లో హోరు తగ్గాక ఇంకొక చప్పుడు వినిపించింది, గంట చప్పుడు. పొగ వెనకాల ఆవు పడి ఉంది. లేవబోయి పడుతోంది. లేవబోయినప్పుడల్లా గంట లొటలొటమంటోంది. అది అరిచిన అరుపు పశువు అరుపులా లేదు.

"అత్తయ్యా, దెబ్బ తగిలిందా? అత్తయ్యా!"

సుబ్బరత్నం లేదన్నట్టు తల ఊపింది. పెదాలు రామ రామ అని కదులుతున్నాయి.

"ఏవండీ!"

అనిల్ కనిపించలేదు. మరోసారి పిలిస్తే రాతిగూడు లోపలినుంచి మూలుగు వినిపించింది. రెండు బండల సందులోంచి దూరి, కప్పురాయి కింద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకుని ఉన్నాడు. దెబ్బేం తగల్లేదు. కళ్ళు మాత్రం ఆమెను చూస్తున్నట్టు లేవు.

"కదలకండి," అన్నాడు. "కదలకండి. ఇంకా ఉంటయ్. ఒక్కటే పెట్టరు. ఇంకా ఉంటయ్."

ఆ మాటతో నాగలతకు సంగతి అర్థమైంది. మందుపాతర. పేపర్లో చదివేది, టీవీలో చూసేది. పోలీసుల కోసం పెట్టినవాటి మీద కట్టెలకు పోయినవాళ్ళు, మేకల కాపరులు కాలు వేసిన వార్తలు. చదివి, అయ్యో అనుకుని, పేజీ తిప్పేసేది. ఇప్పుడు ఆమె పాదాలు ఆ పేజీలోనే ఉన్నాయి. అవి తన పాదాలు కానట్టు వాటివంక చూసుకుంది. చెప్పుల చుట్టూ ఎండుటాకులు. ఆ ఆకుల కింద ఏముందో దేవుడికి తెలియాలి.

ఫోన్ తీసి చూసింది. సిగ్నల్ లేదు.

అట్లా ఎంతసేపు కూచున్నారో! గంట మోగుతూనే ఉంది, నడుమ ఆగి, మళ్ళీ మోగి. ఎండ చెట్ల మొదళ్ళ నుంచి పైకొమ్మలకు ఎక్కుతోంది. సుబ్బరత్నం ఒళ్ళు వణకడం మొదలుపెట్టింది. ఆవిడకు షుగరు. పొద్దున ప్రసాదం తప్ప సరిగా తిన్నదేమీ లేదు.

"అమ్మాయ్, నాకు కళ్ళు తిరుగుతున్నై."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాగలతకు అన్ని వైపులా గోతులే. అయినా కూచుంటే ముసలావిడ ఇక్కడే పడిపోయేలా ఉంది.

"ఏవండీ, వచ్చిన దారినే దిగుదాం. మనం నడిచొచ్చిందే కదా. ఎక్కడ కాలేశామో అక్కడే వేద్దాం."

"కనబడతయా? ఆకుల మీద అడుగులు కనబడతయా? నేను రాను. మీరూ పోవద్దు."

అతను చెప్పింది నిజమే. వచ్చిన దారి వంక చూస్తే ఎక్కడా అడుగు జాడ లేదు. ఆకులు, ఆకులు. అయితే బాగా చూస్తే కొన్ని చోట్ల ఆకు విరిగి పొడి అయింది. కొన్ని చోట్ల ఇప్పపూలు చితికి మట్టికి అంటుకున్నాయి. మధ్యమధ్య నేలలోంచి లేచిన నల్ల బండ ఉంది. బండ కింద ఎవరూ ఏమీ పెట్టలేరు కదా అనుకుంది. అనుకోవడమే, తెలిసి కాదు.

"అత్తయ్యా, నా కొంగు పట్టుకోండి. నేను కాలు తీసిన చోటే మీరు కాలు వెయ్యాలి. అంగుళం అటూ ఇటూ వద్దు."

"నేను ముందు నడుస్తానే. నాదేముంది, అయిపోయిన బతుకు. నీకు పిల్లుంది."

"మీకు కళ్ళు సరిగ్గా ఆనవు అత్తయ్యా."

అది నిజమని ఆవిడకూ తెలుసు. తన సంచిలోంచి ఒక పొట్లం తీసి ఇచ్చింది. పర్ణశాల అంగట్లో కొన్న కుంకుమ. "కాలు వేసినచోటల్లా చిటికెడు వెయ్యి. వాడు కూడా చూసుకుని వస్తాడు," అంది, కొడుకు ఉన్న రాతిగూడు వంక చూస్తూ.

నాగలత మొదటి అడుగు వేసింది. ముందు మునివేళ్ళు ఆనించి, ఊపిరి బిగబట్టి, తర్వాత మడమ. ఏమీ కాలేదు. వంగి కుంకుమ వేసింది. రెండో అడుగు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి రావడం లేదు. ప్రతి అడుగుకూ ఇదే ఆఖరిదని అనిపించింది. వెనకాల అత్తగారు కొంగు లాగినప్పుడల్లా ఎత్తిన కాలు గాల్లోనే ఆపింది. సాహిత్య జడ, సాహిత్య స్కూల్ బ్యాగు, గ్యాస్ స్టవ్ మీద మర్చిపోయిన పాలగిన్నె, ఏవేవో కళ్ళముందుకు వచ్చి పోయాయి. దేవుణ్ణి తలుచుకుందామంటే ఏ పేరూ గుర్తు రాలేదు.

చేని గట్టు మీద కాలు పెట్టాక కూడా ఆమెకు నమ్మకం కలగలేదు. పూల్‌సింగ్ పరుగెత్తుకుంటూ వచ్చి సుబ్బరత్నాన్ని రెండు చేతులా ఎత్తుకుని కారు దగ్గరికి తీసుకుపోయాడు. నీళ్ళిచ్చి, బిస్కెట్లిచ్చి కూచోబెట్టాడు.

గట్టు మీద ఒక కోయ ఆడమనిషి నిలబడి ఉంది. నడివయసు. పేరు జోగమ్మ అని తర్వాత తెలిసింది. గంట చప్పుడు వినిపిస్తున్న వైపే చూస్తోంది. బుగ్గల మీద కన్నీళ్ళు ఎండిపోయాయి.

"నా ఆవు," అంది వచ్చీరాని తెలుగులో. "ఈ ఏడు ఇప్పపూలకు ఎక్కలే మేము. పిల్లలు ఏడ్చినా పోనియ్యలే. ఎవరు పెట్టిన్రో, ఏడ పెట్టిన్రో, మాకు ఎరుక లేదు. మనుషులకు చెప్పుకుంటం. ఆవుకు చెప్తే ఇంటదా?" తర్వాత నాగలత వంక తిరిగి అడిగింది. "మీకు ఎవ్వరు చెప్పలే?"

నాగలత లేదన్నట్టు తల ఊపబోయింది. పూల్‌సింగ్ తల దించుకున్నాడు.

"సార్‌కు చెప్పిన మేడం. టీ కాడ్నే చెప్పిన. ఆ గుట్టల మీదికి ఎవ్వలు పోతలేరు, బాంబులు పెట్టిన్రంటున్నరు, వద్దు సార్ అన్న. అన్నీ తీసేసిన్రులే, అదంతా పాత ముచ్చట అన్నడు."

కారు సీట్లో కూచున్న సుబ్బరత్నం కూడా విన్నది. ఆవిడ బిస్కెట్ నమలడం ఆపేసింది.

"సిగ్నల్ దొరికేకాడికి ఉరికి పోలీసోళ్ళకు ఫోన్ చేసిన," అన్నాడు పూల్‌సింగ్. "బాంబులు తీసేటోళ్ళు రావాల్నంట. పొద్దుగూకితే గుట్ట ఎక్కరంట. రేప్పొద్దున వస్తరు. ఎక్కడోళ్ళు అక్కడ్నే కదలకుండ కూసోమన్నరు."

ఆ మాట పూర్తి కాకముందే పైన కదలిక. అనిల్ రాతిగూట్లోంచి బయటికొచ్చాడు. చీకటి పడుతుందని భయం పట్టుకుందో, ఒక్కడే ఉండలేకపోయాడో, కుంకుమ బొట్లు వదిలేసి అడ్డదారిన, పొదల్లోంచి, నేరుగా కారు కనిపించిన వైపు అడుగులు వేస్తున్నాడు.

"ఆగండి! ఏవండీ, ఆగండి! కూచోండి! అక్కడే కూచోండి!"

ఆమె గొంతు ఆమెకే తెలియనంతగా చీలిపోయింది. అతను ఆగాడు. కూలబడ్డాడు. కానీ చూస్తుండగానే మళ్ళీ లేవబోయాడు. తెల్లారేదాకా ఆ మనిషి ఒకచోట కూచోడని నాగలతకు తెలిసిపోయింది.

సుబ్బరత్నం కారు దిగింది. "నేను పోతా. నా కొడుకు."

"మీరు పడతారు అత్తయ్యా."

"అయితే ఎవరూ పోవద్దు," అంది ముసలావిడ. ఆ మాట అంటూ ఏడ్చింది.

మొదటిసారి దిగినప్పుడు వేరే దారి లేదు. ఈసారి ఉంది. గట్టు మీద నిలబడి ఉండొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. అందుకే రెండోసారి భయం ఎక్కువైంది. గట్టు చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, పొలంలో వాంతి చేసుకుంది. నోరు కడుక్కుని కొంగు నడుముకు చుట్టింది. ఎందుకు బయల్దేరిందో ఆమెకు స్పష్టంగా తెలీదు. ప్రేమ అని పేరు పెట్టడానికి అప్పుడు ఒంట్లో కోపం తప్ప ఇంకేం లేదు.

కుంకుమ బొట్లు కొన్ని కనబడ్డాయి. కొన్నిటి మీద గాలికి కొత్త ఆకులు పడ్డాయి. అక్కడ ఆగి, ఊది, వేళ్ళ చివర్లతో ఒక్కొక్క ఆకూ తీసి, ఎరుపు కనిపించాకే కాలు వేసింది. అతనున్న చోటు బాటకు పక్కన, పొదల్లో. మధ్యలో ఒక బండ ఉంది. నాగలత బాటలోంచి ఆ బండ మీదికి కాలు చాచి, చెయ్యి అందించింది.

"గెంతొద్దు. చెయ్యి పట్టుకుని ఒక్క అంగ వెయ్యండి."

అతను బండ మీదికి వచ్చాక ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. అతని ఒంటికి వేల ఏళ్ళనాటి మట్టి వాసన.

"పూల్‌సింగ్ చెప్పాడంట కదా."

"చెప్పిండు."

"మరి మమ్మల్ని ఎందుకు తీసుకొచ్చారు?"

అతను అబద్ధం ఆడలేదు. "చెప్తే నువ్వు నన్ను కూడా పోనియ్యవు. మిమ్మల్ని కింద ఉండమంటే ఎందుకని అడుగుతావని..."

నాగలత అతని ముఖం వంక చూడలేదు. "నా భుజాలు పట్టుకోండి," అంది.

సగం దిగాక అతని కాలు జారింది. కుడిపాదం బాట పక్క ఆకుల్లో దిగబడింది. భుజాల మీది వేళ్ళు ఆమె ఎముకల్లోకి దిగాయి.

"లతా, కాలి కింద ఏదో గట్టిగా ఉంది. లతా!"

"తీయొద్దు. కదపొద్దు."

ఆమె మోకాళ్ళ మీద వంగింది. పారిపో అని ఒళ్ళంతా అరుస్తోంది. అతని పాదం చుట్టూ ఆకులు ఒక్కొక్కటే తీసింది. మట్టి. గోటితో మట్టి గీకింది. నల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది. ఇంకాస్త గీకితే చెట్టు బెరడు. ఇప్పచెట్టు వేరు. అంతే. ఆమె ఆ వేరు మీద చెయ్యి అట్లాగే ఉంచి, లేవలేక, కాసేపు ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. తర్వాత లేచి నడిచారు.

కిందికి దిగేసరికి గంట చప్పుడు ఆగిపోయింది. జోగమ్మ ఇంకా అక్కడే ఉంది. అనిల్ ఆమె ముందు నిలబడి చేతులు జోడించాడు. ఆమె అతన్ని చూడలేదు. చప్పుడు ఆగిన వైపే చూస్తోంది.

ఆ రాత్రి పోలీసులు వచ్చారు, అడిగిందే అడిగారు, ఎందుకు పోయారు, ఎవరు చెప్పారు, ఎవరిని కలిశారు అని. అనిల్ అన్నిటికీ నిజమే చెప్పాడు. "నాకు ముందే చెప్పారు, నేనే వినలేదు," అని తల్లి ముందరే చెప్పాడు. మర్నాడు పొద్దున బాంబులు తీసేవాళ్ళు గుట్ట ఎక్కితే ఇంకా కొన్ని దొరికాయని పూల్‌సింగ్‌కు ఎవరో ఫోన్ చేసి చెప్పారు. ఒకటి రాతిగూళ్ళకు కిందిపక్క, బాట మీదే ఉందట. అంటే వాళ్ళు ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి, నాగలత అయితే ఇంకో రెండుసార్లు, దాని పక్కనుంచో పైనుంచో దాటారన్నమాట.

ఆ మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో భద్రాచలంలో సుబ్బరత్నం గోదావరి నీళ్ళు నెత్తిన చల్లుకోవాలంది. పూల్‌సింగ్ ఒడ్డున తారు రోడ్డు మీద కారు ఆపాడు. నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. మెట్ల కింద ఇసుక, దాని నిండా జనం, కొబ్బరి చిప్పలు, పరుగెత్తే పిల్లలు. తల్లీకొడుకులు దిగారు. నాగలత తలుపు తీసి ఒక కాలు రోడ్డు మీద పెట్టింది. ఇసుక వంక చూసింది. వేలమంది తొక్కిన ఇసుక అది. ఆ సంగతి బుద్ధికి తెలుసు, కాళ్ళకు తెలియడం లేదు.

"మీరు వెళ్ళిరండి," అంది.

సగం మెట్లు దిగాక అనిల్ వెనక్కి తిరిగి చూశాడు. తల్లిని, ఆవిడను తెలిసినట్టే పలకరిస్తున్న ఆడవాళ్ళ గుంపుకు అప్పజెప్పి, తిరిగి పైకి వచ్చాడు. క్షమించమని అడుగుతాడనుకుంది. అతను ఏమీ అడగలేదు. పక్క సీట్లో కూచుని, ఆమె రోడ్డు మీద పెట్టిన కాలు వంక చూశాడు. ఆమె ఆ కాలు లోపలికి తీసుకుని తలుపు వేసుకుంది.

కింద సుబ్బరత్నం నీళ్ళలో నిలబడి, దోసిలి ఎత్తి, ఎవరి పేర్లో చెబుతూ ఉంది.